పని చెడినప్పుడు మంచిగా ఉంటే దక్కేదేమిటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఒకసారి చెప్తాను. మీ విమానం రద్దయింది. కౌంటర్ దగ్గర మీరు ఓపిగ్గా నిలబడ్డారు. మీ ముందున్నాయన బల్ల గుద్ది అరిచాడు. ఆయన ఆ సాయంత్రమే వెళ్లిపోయాడు, మీరు మర్నాటి దాకా ఉండిపోయారు. వాపసు రావాల్సిన డబ్బు ఇప్పటికీ రాలేదు. వచ్చే వారం ఆ విమాన సంస్థ ఆఫీసుకి వెళ్లాలి. "మంచిగా ఉంటే లాభమేంటి? ఈసారి నేనూ అరవనా? అయినా అంతా పాడైపోయాక నవ్వుతూ ఉండమనడం నటించమనడమే కదా?" అని అడిగారు.

నేను చాలా ఏళ్లు ఆ కౌంటర్‌కి అవతలి పక్క పనిచేశాను. విమానాలు రద్దయిన రోజుల్లో ప్రయాణికులకి వేరే దారి చూపించడమే నా ఉద్యోగం. తర్వాత ఆ పనికి కొత్తగా వచ్చేవాళ్లకి శిక్షణ ఇచ్చాను. బల్లకి అటువైపు ఏం జరుగుతుందో చూసిన మనిషిగా చెప్తున్నాను, నీతులు చెప్పడం నా ఉద్దేశం కాదు.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. అరిస్తే పని జరగడం ఉంది. మీకు ఖాయంగా రావాల్సింది ఏదో ఉండి, అవతలివాళ్లు బద్ధకం కొద్దీ దాన్ని పక్కన పడేసి ఉంటే, గొడవ చేసినవాడి కాగితం పైకి వస్తుంది. కానీ అరుపుకి దొరికేది ఎప్పుడూ ఒకే రకం పరిష్కారం. ఆ మనిషిని కౌంటర్ ముందు నుంచి ఎంత త్వరగా పంపించేయగలమా అని చూసి ఇచ్చే పరిష్కారం అది. అది ఆయనకి మంచిదవునో కాదో చూసే ఓపిక అప్పటికి ఎవరికీ మిగలదు.

ఇంకో సంగతి. ఆయన అరిచాడు, ఆయనకి సీటు వచ్చింది. రెండూ మీ కళ్ల ముందే జరిగాయి కాబట్టి ఒకదాని వల్లే ఇంకోటి అయిందనిపించడం సహజం. అయితే విమానం రద్దయ్యాక ప్రయాణికుల్ని మళ్లీ సర్దే మొదటి జాబితాని చాలా కంపెనీల్లో కంప్యూటరే తయారుచేస్తుంది. ముందుకు కనెక్షన్ ఫ్లైట్ ఉన్నవాళ్లు, ఎక్కువ ధర పెట్టి కొన్నవాళ్లు, తరచూ ప్రయాణించే సభ్యులు, ఇలా దాని లెక్క దానికి ఉంటుంది. ఆయన ఆ వరసలో మీకంటే పైన ఉండి ఉండొచ్చు. నేను విన్న అరుపుల్లో చాలావాటికి ముందే, అడిగినవాళ్లకి ఏం ఇవ్వాలో స్క్రీన్ మీద తేలిపోయి ఉండేది.

ఇక అసలు విషయానికి వస్తాను. కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషికి రూల్ ప్రకారం చేయాల్సిన పని ఒకటి ఉంటుంది, మనసు పెడితే చేయగలిగిన పని ఇంకోటి ఉంటుంది. ఈ రెంటికీ మధ్య చాలా ఖాళీ ఉంటుంది. స్క్రీన్ మీద మొదటి వరసలో కనిపించే సీటు ఇచ్చేస్తే చేయాల్సింది అయిపోతుంది. అక్కడితో ఆగకుండా పక్క ఊరి విమానాశ్రయం నుంచి ఏమైనా ఉందా, వేరే ఊరు మీదుగా రెండు ఫ్లైట్లు కలిపి పంపొచ్చా, వేరే కంపెనీ వాళ్లని సీటు అడగొచ్చా, గేటు దగ్గర ఎవరైనా రాకపోతే ఆ సీటు ఇవ్వొచ్చా అని వెతకడం చేయగలిగింది. దానికి ఒక ఫోను చేయాలి, సూపర్‌వైజర్ అనుమతి అడగాలి, వరసలో వెనకున్నవాళ్ల విసుగు భరించాలి. ఇవేవీ చేయకపోయినా ఉద్యోగికి మెమో రాదు. చేశాడంటే అది ఎదుటి మనిషి కోసం ఇష్టంగా చేసినదే. ఇష్టాన్ని అరిచి తెప్పించలేం.

దయగా, హుషారుగా ఉన్నవాళ్లకి దక్కేది ఈ ఖాళీలోనే దక్కుతుంది. రూల్‌లో ఉన్నది అందరికీ ఒకటే. ఎవరి హుషారుకీ విమానం తిరిగి ఎగరదు.

ఒక కుర్రాడి సంగతి చెప్తాను. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తున్నాడు, విమానం రద్దయింది. వరసలో చాలాసేపు నిలబడి, తన వంతు వచ్చాక, "పొద్దుట్నుంచి అందరూ మిమ్మల్నే తిడుతున్నట్టున్నారు. ముందు నీళ్లు తాగండి, తర్వాత నా సంగతి చూద్దురుగాని" అన్నాడు. తాగేదాకా నిజంగానే ఆగాడు. తర్వాత చెప్పాడు: "రేపు పొద్దున పది లోపు అక్కడుండాలి. ఏ ఊరు మీదుగా పంపినా పర్వాలేదు. సూట్‌కేసు తర్వాత వచ్చినా సర్దుకుంటాను. చివర్లో కొంత దూరం రైల్లో వెళ్లమన్నా వెళ్తాను." అతను మంచిగా మాట్లాడాడన్నది ఒక ఎత్తు. అంతకంటే ముఖ్యంగా, నాకు కావాల్సిన వివరాలన్నీ నాలుగు వాక్యాల్లో ఇచ్చాడు. ఎక్కడ పట్టు విడవడో, ఎక్కడ సర్దుకుంటాడో నాకు తెలిసిపోయింది. గమ్యానికి దగ్గర్లో ఉన్న ఇంకో విమానాశ్రయానికి ఆ రాత్రే సీటు దొరికింది, అక్కణ్నుంచి తెల్లవారుజామున రైలుంది. కోపంలో ఉన్న మనిషి ఈ వివరాలు చెప్పడు. జరిగిన అన్యాయం చెప్తాడు, మళ్లీ మళ్లీ చెప్తాడు. ఆ అన్యాయం నిజమే అయినా, దాన్నుంచి నాకు ఒక్క సీటూ కనబడదు.

మీకు కనబడని సంగతి ఇంకోటి ఉంది. బుకింగ్ రికార్డులో ఉద్యోగులు రిమార్కులు రాస్తారు. ఏం అడిగారు, ఏం చెప్పాం, ఇంకేం మిగిలింది అని. తర్వాతి షిఫ్టులో ఉన్నవాళ్లు అదే చదివి మొదలుపెడతారు. "చాలాసేపు ఓపిగ్గా ఉన్నారు, వీలైతే సాయం చేయండి" అని రాసిన సందర్భాలు నాకు బాగా గుర్తు. దురుసుగా మాట్లాడినవాళ్ల గురించి కూడా రాస్తారు. మీరు వెళ్లిపోయాక కూడా మీ తరఫున మాట్లాడేది ఆ రెండు లైన్లే.

"మర్యాదగా ఉండకపోతే మనసు పెట్టరా? వాళ్లు జీతం తీసుకోవట్లేదా?" అని మీకు అనిపించొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ మనసు పెట్టాలని ఉన్నా పెట్టలేని స్థితి ఒకటుంది. దీని మీద ఆసుపత్రుల్లో చేసిన పరిశోధన నన్ను చాలా ఆలోచింపజేసింది. ఇజ్రాయెల్‌లో నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో పనిచేసే 24 డాక్టర్, నర్సు బృందాలకి శిక్షణలో భాగంగా ఒక కేసు ఇచ్చారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ పరిస్థితి ఉన్నట్టుండి దిగజారుతోంది, ఏం జరుగుతోందో పట్టుకుని చికిత్స చేయాలి. బిడ్డ బొమ్మే, కేసూ కల్పితమే. బయటి దేశం నుంచి గమనిస్తున్న నిపుణుడు అని చెప్పి ఒకాయన మాటలు వినిపించారు. కొన్ని బృందాలకి మామూలు మాటలు, కొన్నిటికి చులకన చేసే మాటలు. ఆయన అరవలేదు, తిట్టలేదు. ఇక్కడి వైద్యం స్థాయి తనకి నచ్చలేదని, ఇలాంటివాళ్లు తన విభాగంలో వారం కూడా నిలవరని అన్నాడు, అంతే. ఏ బృందం ఏం విందో తెలియని నిపుణులు తర్వాత వీడియోలు చూసి మార్కులు వేశారు. చులకన మాటలు విన్న బృందాలు రోగాన్ని పట్టుకోవడంలోనూ, చేతితో చేయాల్సిన పనుల్లోనూ వెనకబడ్డాయి. ఒకరికొకరు సమాచారం చెప్పుకోవడం, సాయం అడగడం తగ్గిపోయింది. 2015లో వచ్చిన ఈ అధ్యయనం తర్వాత 2017లో అదే పరిశోధకులు ఇంకోటి చేశారు. ఈసారి దురుసు మాట బిడ్డ తల్లి పాత్ర వేసినామె నోటి నుంచి వచ్చింది. ఫలితం దాదాపు అదే.

ఆ తల్లి పాత్రని ఒకసారి ఊహించుకోండి. ఆ గదిలో ఆ బిడ్డ బాగుండాలని ఆమె కంటే గట్టిగా కోరుకునేవాళ్లు ఎవరు? డాక్టర్లు కావాలని నిర్లక్ష్యం చేయలేదు, పగ పట్టలేదు. వాళ్ల బుర్ర ఆ మాట చుట్టూ తిరుగుతుండగా, పని మీద ఉండాల్సిన ధ్యాస తగ్గిపోయింది. నేను అవతలి పక్క కూర్చున్న రోజుల్లో నాకు అనుభవమైందీ ఇదే. తిట్లు తిన్న తర్వాతి పది నిమిషాల్లో మామూలుగా తట్టే దారి కూడా తట్టేది కాదు. అందుకే శిక్షణలో కొత్తవాళ్లకి చెప్పేవాణ్ని, గట్టి గొడవ అయ్యాక తర్వాతి ప్రయాణికుడిని పిలిచే ముందు ఒక్క నిమిషం లేచి నిలబడమని. మీ ముందు ఒకాయన అరిచి వెళ్లాడంటే, మీరు మాట్లాడబోయేది ఆ స్థితిలో ఉన్న మనిషితో. ఆ మనిషిని మళ్లీ ఆలోచించగలిగే స్థితికి తెచ్చుకోవడం మీకే లాభం.

ఇంతవరకు ఎదుటివాళ్ల బుర్ర గురించి చెప్పాను. హుషారు మన బుర్రకి కూడా పనికొస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఆలిస్ ఐసెన్ దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 1997లో ఆమె సహచరులతో కలిసి ప్రచురించిన ఒక చిన్న ప్రయోగంలో, డాక్టర్లకి ఒక కాలేయ వ్యాధి కేసు ఇచ్చి పైకి ఆలోచిస్తూ తేల్చమన్నారు. కొందరికి ముందుగా చిన్న మిఠాయి పొట్లం ఇచ్చారు. మనసు కాస్త తేలికపడ్డ ఆ డాక్టర్లు విషయం కాలేయానిదని త్వరగా పసిగట్టారు. మొదట తట్టిన ఊహనే పట్టుకు వేలాడటం వాళ్లలో తక్కువ. మిఠాయి వల్ల తెలివి పెరగలేదు, చూపు విశాలమైంది. టెన్షన్‌లో మనకి ఒకటే దారి కనబడుతుంది, అది మూసుకుపోతే అదే తలుపుని బాదుతూ ఉంటాం.

ప్రాణాల మీదికి వచ్చినప్పుడు కూడా ఇది పనిచేస్తుందా? దీనికి నా దగ్గర ఉన్న అతి మంచి ఉదాహరణ విమానయానంలోదే. 1989 జూలై 19న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232 డెన్వర్ నుంచి షికాగో వెళ్తోంది. డీసీ-10 విమానం, లోపల 296 మంది. తోక దగ్గరున్న ఇంజిన్‌లో ఫ్యాన్ డిస్క్ పగిలి, ముక్కలు వెళ్లి, ద్రవ ఒత్తిడితో విమానం పలకల్ని కదిపే మూడు హైడ్రాలిక్ వ్యవస్థల్నీ కోసేశాయి. రెక్కల మీద, తోక మీద ఉండే ఏ పలకా కదలదు. అంటే విమానాన్ని తిప్పడానికి, పైకి ఎత్తడానికి మామూలుగా వాడే ఏ సాధనమూ లేదు. కెప్టెన్ ఆల్ హేన్స్ బృందం మిగిలిన రెండు ఇంజిన్ల వేగాన్ని ఎక్కువ తక్కువ చేస్తూ, 40 నిమిషాల పైన విమానాన్ని గాల్లో నిలబెట్టి సూ సిటీ వరకు తెచ్చింది.

అందులో రెండు సంగతులు నేను శిక్షణలో ప్రతిసారీ చెప్పేవాణ్ని. ప్రయాణికుల్లో డెన్నిస్ ఫిచ్ అనే డీసీ-10 శిక్షకుడు ఉన్నారు. ఆయన సాయం చేస్తానని కబురు పంపితే, హేన్స్ "నేను కెప్టెన్ని, నాకు తెలుసు" అనుకోలేదు. వెంటనే కాక్‌పిట్‌లోకి పిలిచి, ఇంజిన్ల వేగం మార్చే మీటలు (థ్రాటిళ్లు) ఆయన చేతికే ఇచ్చారు. రెండోది, ఏ రన్‌వే మీదైనా దిగడానికి అనుమతి ఉందని కంట్రోలర్ చెప్పినప్పుడు హేన్స్ నవ్వి, "రన్‌వే మీదే దిగాలంటారా, ఏం?" అన్నారు. విమానం ఎటు పోతుందో తెలియని క్షణంలో అన్న మాట అది. కాక్‌పిట్ రికార్డింగ్ చదివితే, అంత ఒత్తిడిలోనూ వాళ్లు ఒకరినొకరు కసురుకోకపోవడం, "ఇది చూద్దామా", "అది ప్రయత్నిద్దామా" అని అడగడం కనబడుతుంది. విమానం దిగుతూ పగిలిపోయింది, 112 మంది చనిపోయారు. 184 మంది బతికారు. తర్వాత సిమ్యులేటర్లలో అనుభవమున్న పైలట్లకి అదే పరిస్థితి ఇచ్చి చూస్తే, క్షేమంగా దింపడం శిక్షణతో సాధ్యమయ్యే పని కాదని తేలింది. హేన్స్ తర్వాత ఎక్కడ మాట్లాడినా, అంతకుముందు దాదాపు దశాబ్దం నుంచి తమ సంస్థ ఇస్తున్న బృంద శిక్షణ వల్లే అది సాధ్యమైందని చెప్పేవారు. కాక్‌పిట్‌లో ఎవరికి ఏం తోచినా భయం లేకుండా చెప్పేలా, కెప్టెన్ వినేలా చేసే శిక్షణ అది.

ఆ నవ్వు ఇంజిన్‌ని బాగుచేయలేదు. కానీ కెప్టెన్ నవ్వగలిగాడంటే పక్కనున్నవాళ్లకి ఒక సంగతి తెలుస్తుంది: ఈయన ఇంకా ఆలోచిస్తున్నాడు, ఈయనకి నేను చెప్పొచ్చు. ఇంట్లోనైనా ఆఫీసులోనైనా పని చెడినప్పుడు మొదట ఆగిపోయేది చెప్పుకోవడమే. పెద్దాయన మొహం మాడ్చుకుని కూర్చుంటే, తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిన చిన్న ఉద్యోగి నోరు విప్పడు. చెప్తే తన మీదికే వస్తుందని భయం. ఆ భయంతో గంట ఆలస్యమైనా నష్టం పెరిగిపోతుంది. మీరు ఎవరికైనా పై అధికారి అయితే, ఈ ఒక్క కారణం చాలు మొహం ప్రశాంతంగా ఉంచుకోవడానికి.

కష్టం గంటల్లో కాక నెలల తరబడి సాగితే? అప్పుడు హుషారుని కూడా సరుకుల్లో ఒకటిగా మోసుకెళ్లాలి. ధ్రువ యాత్రికుడు ఎర్నెస్ట్ షాకిల్టన్ అలాగే చేశాడు. 1915లో అంటార్కిటికా దగ్గర వెడెల్ సముద్రపు మంచులో ఆయన ఓడ ఎండ్యూరెన్స్ నలిగిపోయింది. 28 మంది మంచు మీద మిగిలారు. బరువు తగ్గించుకోవాలని ఒక్కొక్కరికి సొంత సామాను రెండు పౌండ్లకి (కిలో లోపే) మించకూడదన్నాడు. అయినా బృందంలోని లెనార్డ్ హసీ వాయించే బాంజో అనే తీగల వాయిద్యాన్ని మాత్రం, అంత బరువున్నదాన్ని, పట్టుబట్టి తీసుకెళ్లమన్నాడు. అది మనసుకి మందు అన్నాడు. తర్వాత ఎలిఫెంట్ దీవి చేరాక, షాకిల్టన్ ఐదుగురితో పడవలో సాయం తేవడానికి వెళ్లాడు, మిగిలిన 22 మంది అక్కడే నాలుగు నెలల పైన ఎదురుచూశారు. వాళ్లకి నాయకుడిగా ఉన్న ఫ్రాంక్ వైల్డ్ రోజూ పొద్దున్నే, బాస్ ఇవాళ రావచ్చు, పక్కలు చుట్టేయండి అనేవాడు. 1916 ఆగస్టు 30న షాకిల్టన్ నిజంగానే ఓడతో వచ్చాడు, 22 మందీ బతికే ఉన్నారు. వైల్డ్ మాటలో నాకు నచ్చేది ఏంటంటే, అందులో పని ఉంది. "అంతా బాగుంటుంది" అని ఊరికే అనలేదు, పక్కలు చుట్టమన్నాడు.

మీ రెండో ప్రశ్న, నటన గురించి. అది నటనైతే నిజంగానే దండగ, పైగా నష్టం. మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ గ్రాస్, ఆయన సహచరులు 1990లలో చేసిన ప్రయోగాల్లో, మనసులో ఉన్నది మొహం మీద కనబడకుండా అణచుకోమన్నప్పుడు లోపలి బాధ తగ్గలేదు, శరీరం మీద ఒత్తిడి పెరిగింది. అణచుకునే పనిలో ఉన్నవాళ్లకి ఆ సమయంలో విన్న వివరాలు కూడా తక్కువగా గుర్తున్నాయి. కౌంటర్ దగ్గర ఇది మీకు నేరుగా దెబ్బ. పళ్లు బిగబట్టి నవ్వుతూ నిలబడితే, ఉద్యోగి చెప్పిన తేదీ, ఫారం పేరు బుర్రలోకి ఎక్కవు.

కాబట్టి కోపం వస్తే దాచకండి, మాటల్లో చెప్పేయండి. "నాకు చాలా చిరాగ్గా ఉందండీ, మీ మీద కాదు. రెండు నిమిషాలు ఆగి మాట్లాడతాను" అనడం పూర్తిగా మర్యాదే. చాలామంది ఉద్యోగులు ఆ మాటకి ఊపిరి పీల్చుకుంటారు, తమ మీద కాదని తెలిసింది కాబట్టి. అక్కణ్నుంచి మీరిద్దరూ ఒకే పక్క నిలబడి సమస్యని చూస్తారు. నేను చెప్పే హుషారు ఇంతే: జరిగినదాన్ని జరిగినట్టు ఒప్పుకుని, ఇప్పుడు చేతిలో ఏముందో చూసే తేలిక. జరగనట్టు నటించడం కాదు.

దీన్ని పక్కవాళ్ల మీద మాత్రం రుద్దకండి. ఆప్తులు పోయి చివరి చూపుకి వెళ్తున్న మనిషి వరసలో ఉండొచ్చు. "నవ్వండి, అన్నీ సర్దుకుంటాయి" అంటే ఆ మనిషికి అది దెబ్బ. అలాంటివాళ్లకి దయ కావాలి, హుషారు అక్కర్లేదు. మీ వంతు ఇచ్చేసి పక్కకి జరిగితే చాలు.

తప్పు మనదే అయినప్పుడు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది, దానికి వైద్యంలోనే మంచి రుజువులున్నాయి. 1997లో వెండీ లెవిన్సన్ బృందం అమెరికాలో డాక్టర్లు రోగులతో మాట్లాడే తీరుని రికార్డు చేసి పోల్చింది. ప్రాథమిక వైద్యుల్లో, వైద్యంలో తప్పు జరిగిందని రోగులు వేసే పరిహారం కేసులు ఎదుర్కోనివాళ్లు ఒక్కో రోగితో సగటున 18.3 నిమిషాలు గడిపారు, కేసులు ఎదుర్కొన్నవాళ్లు 15 నిమిషాలు. మొదటివాళ్లు ఎక్కువ నవ్వారు, నవ్వించారు, తర్వాత ఏం జరుగుతుందో ముందే చెప్పారు, రోగి అభిప్రాయం అడిగారు. సర్జన్లలో మాత్రం ఈ తేడా కనబడలేదు, అందుకని దీన్ని సర్వరోగ నివారిణి అనను. మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో 2001 ప్రాంతంలో మొదలైన పద్ధతి ఇంకా స్పష్టంగా ఉంది. పొరపాటు జరిగితే దాచకుండా రోగికి చెప్పడం, తమ తప్పయితే క్షమాపణతో పాటు పరిహారం తామే ఇవ్వజూపడం. లాయర్లు ముందు భయపడ్డ పద్ధతి ఇది. 2010లో ప్రచురించిన లెక్కల ప్రకారం రోగులు పరిహారం కోరే కొత్త క్లెయిములు లక్ష రోగి సందర్శనలకి నెలకి 7.03 నుంచి 4.52కి తగ్గాయి.

ఇక మీకు గట్టిగా చెప్పాల్సిన మాట. మీరు కౌంటర్ దగ్గర మర్యాదగా ఉన్నారని రాశారు. కానీ ఏం అడిగారో రాయలేదు. మంచిగా ఉండేవాళ్లు చాలామంది ఏమీ అడగరు. "మీకేం తోస్తే అది చేయండి" అని పక్కకి వెళ్లి కూర్చుంటారు. అడగనిది అమ్మయినా పెట్టదని ఊరికే అనలేదు. దయ అంటే వదులుకోవడం అని ఎవరు నేర్పారో గాని, చాలా నష్టం చేశారు.

దీన్ని లెక్కలతో కూడా చూడొచ్చు. రాజకీయ శాస్త్రవేత్త రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య ఒక పోటీ పెట్టి 1980లో ఫలితాలు ప్రచురించాడు. ప్రతి ఆటలో ఇద్దరు, సహకరించొచ్చు లేదా మోసం చేయొచ్చు, ఇదే మళ్లీ మళ్లీ. మొదటి ఎనిమిది స్థానాల్లో నిలిచినవన్నీ, ముందు తామై మోసం చేయనివే. గెలిచింది అనటోల్ రాపపోర్ట్ పంపిన అతి చిన్న ప్రోగ్రాం: మొదట సహకరిస్తుంది, తర్వాత ఎదుటివాడు ఏం చేస్తే అది చేస్తుంది. మెత్తనిది కాదు, మోసానికి వెంటనే జవాబిస్తుంది. కానీ పగ పెట్టుకోదు. ఆ తర్వాత 1992లో మార్టిన్ నోవాక్, కార్ల్ సిగ్మండ్ ఇంకో సంగతి చూపించారు. నిజ జీవితంలోలాగా అప్పుడప్పుడు పొరపాట్లు దొర్లనిస్తే, దెబ్బకి దెబ్బ తీసే పద్ధతి ఒక్క పొరపాటుతో అంతులేని కక్షలో పడిపోతుంది. కొన్నిసార్లు ఊరికే క్షమించేసే పద్ధతి దానికంటే బాగా నిలబడుతుంది. రద్దయిన విమానం, పోయిన ఫైలు, తప్పుగా కొట్టిన అంకె, వీటిలో ఎక్కువ భాగం పొరపాట్లే. వాటిని కుట్రగా చూసి జవాబిస్తే అక్కణ్నుంచి నిజంగానే యుద్ధం మొదలవుతుంది.

అయితే కావాలని మోసం చేసేవాళ్లు ఉన్నారు. అక్కడ చిరునవ్వు పనిచేయదు, కాగితం పనిచేస్తుంది. అప్పుడు కూడా గొంతు పెంచకపోవడమే మీకు లాభం. మీ ఫిర్యాదు చదివే మూడో మనిషి ఎవరైనా, ముందు చూసేది ఎవరి మాటలు నిదానంగా, తేదీలతో ఉన్నాయని.

వచ్చే వారం సంగతి. ఫైలులో మూడే కాగితాలు పైన పెట్టుకోండి: టికెట్, రద్దు అయినట్టు వచ్చిన మెసేజి, డబ్బు కట్టిన రుజువు. అరిచేవాళ్లు ఉంటే వాళ్లు వెళ్లేదాకా ఆగి, తర్వాత ఇంకో నిమిషం ఆగండి. బ్యాడ్జి మీద పేరు చూసి, గారు అని పిలిచి పలకరించండి. మొదటి రెండు వాక్యాల్లోనే ఎంత డబ్బు, ఏ తేదీ నుంచి రావాలో చెప్పేయండి, పాత కథ అడిగితేనే చెప్పండి. ఆ తర్వాత ఈ ప్రశ్న తప్పకుండా అడగండి: "ఇందులో మీ చేతిలో ఉన్నది ఏది, మీ పైవాళ్ల చేతిలో ఉన్నది ఏది?" ఈ ప్రశ్నకి మనుషులు నిజం చెప్తారు, ఎందుకంటే అందులో నింద లేదు. తన చేతిలో ఉన్నది అప్పుడే చేయమనండి. పైవాళ్ల దగ్గరున్నదానికి ఎవరికి రాయాలో అడిగి రాసుకోండి. ఫిర్యాదు నంబరు, ఏ తేదీ లోపు తేలుతుందన్నది, మాట్లాడిన మనిషి పేరు, ఈ మూడూ తీసుకోకుండా కుర్చీలోంచి లేవకండి. సాయం చేస్తే థాంక్స్ చెప్పి, ఆ సాయంత్రమే ఆ మనిషి పేరుతో సహా జరిగిందంతా ఈమెయిల్లో రాసి పంపండి, సాయం చేశారన్నది కూడా రాయండి. ఆ మెయిలు మీకు రుజువు, వాళ్లకి పై అధికారి దగ్గర మంచి మాట. చెప్పిన తేదీ దాటితే అదే మెయిలు జతచేసి కంపెనీలో పై మెట్టుకి, అక్కడా తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదులు చూసేవాళ్లకి పంపండి. అక్కడ కూడా ఎంత రావాలో మొదటి రెండు వాక్యాల్లోనే ఉండాలి.